పటం చెప్పింది 1,150 మీటర్లు, కాళ్లు చెప్పింది ఇంకోటి: మూడు సరస్సుల దారిలో ఎక్కడ పొరపాటు పడ్డాను?

నీలిగట్టు
ఏడాదిగా మనసులో పెట్టుకున్న సైకిల్ దారి ఇది. పక్కపక్కనే పొడవుగా పడుకున్నట్టుండే మూడు సరస్సులు, వాటి మధ్య రెండు అడవి గట్లు. మొత్తం 118 కి.మీ. దారి గీసే యాప్ మొత్తం ఎక్కుడు, అంటే దారి పొడవునా ఎక్కే ఎత్తులన్నీ కలిపి, 1,150 మీటర్లని చూపించింది. అంతకు ముందు నెలలోనే ఒకే పెద్ద కొండ మీద 1,300 మీటర్లు ఎక్కి దిగాను కాబట్టి ధీమాగా బయలుదేరాను. 84వ కిలోమీటరు దగ్గర రెండు తొడలూ పట్టేశాయి. రెండో సరస్సు నుంచి మూడో సరస్సుకు దాటే గట్టు మీద, చెట్ల నీడలో, సైకిల్ దిగి తోసుకుంటూ నడిచాను. పైకి చేరాక కూడా కాళ్లు ఒప్పుకోలేదు. తెలిసినవాళ్లను పిలిపించుకుని కారులో ఇంటికి వచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే అప్పటికి సైకిల్ మీద ఉన్న నా మీటరు 1,060 మీటర్ల ఎక్కుడు చూపిస్తోంది. యాప్ లెక్కలో ఆ చోటికి 790 మాత్రమే ఉండాలి. ముందు పళ్లచక్రాలకు 52, 36 పళ్లు, వెనక వాటికి 11 నుంచి 28. సైకిల్‌తో కలిపి నా బరువు 80 కిలోలు. యాప్‌ను వదిలేయాలా, గేర్లు మార్చాలా, దారే మార్చాలా?

తూనీగ
84 కి.మీ.లో ఎంత తిన్నారు, ఎంత తాగారు? దాని గురించి ఒక్క మాటా రాయలేదు.

నీలిగట్టు
@తూనీగ రెండు సీసాల నీళ్లు తాగాను. జేబులో పెట్టుకున్నదానిలో సగం అలాగే మిగిలిపోయింది. ఎక్కేటప్పుడు రొప్పుతో నోట్లో ఏమీ పెట్టుకోలేకపోయాను, దిగేటప్పుడు హ్యాండిల్ వదల్లేకపోయాను. మధ్యలో చదును అన్నది లేదు.

కొండమలుపు
జవాబు సగం మీ మాటల్లోనే ఉంది. "మధ్యలో చదును లేదు."

పెద్ద కొండ అయితే ఒక లయ కుదురుతుంది. గంటసేపు ఒకే ఊపిరి, ఒకే తొక్కుడు. సరస్సుల ప్రాంతంలో అలా ఉండదు. పాతిక మీటర్ల దిబ్బ, దిగుడు, వాగు మీద వంతెన, మళ్లీ ముప్పై మీటర్ల దిబ్బ. ప్రతి దిబ్బ అడుగునా వేగం పోకూడదని లేచి నిలబడి బలంగా తొక్కుతాం. ఒకటి రెండైతే ఏమీ కాదు. నలభై దిబ్బలైతే నలభై సార్లు శక్తికి మించి తొక్కినట్టే. 1,300 మీటర్ల ఒకే కొండ కన్నా 1,000 మీటర్ల దిబ్బల దారి ఎక్కువ పిండేస్తుంది. నాకు ఇది అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. అందుకే ఇప్పుడు మొత్తం ఎక్కుడు అంకె చూసే ముందు దారి ఎత్తుల గీతను చూస్తాను. గీత రంపం పళ్లలా కనిపిస్తే దూరంలో నాలుగో వంతు తగ్గించుకుంటాను.

పటాలపిచ్చి
నీలిగట్టు గారూ, ఒక చిన్న పని చేసి పెడతారా? మొదటి సరస్సు ఒడ్డున వెళ్లే భాగాన్ని విడదీసి, అక్కడ యాప్ ఎంత చెప్పిందో, మీ మీటరు ఎంత చూపించిందో చెప్పండి.

నీలిగట్టు
ఒడ్డు దారి మొదటి 22 కి.మీ. యాప్ 240 మీటర్లంది. మీటరులో 110 ఉంది. ఇదేమిటి, ఇక్కడ తిరగబడింది?

పటాలపిచ్చి
నేను అనుకున్నదే. మీ యాప్‌లో రెండు తప్పులున్నాయి. ఒకదాన్ని ఒకటి కప్పేశాయి.

చాలా పటాల్లో ఎత్తుల సమాచారానికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచినది. అందులో నేలంతా దాదాపు 30 మీటర్ల గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు. సరస్సు ఒడ్డు దారిని ఊహించుకోండి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క గోడలా లేచిన కొండ. దారి వెడల్పు ఆరేడు మీటర్లు. ఒక గడిలో కొండ భాగం ఎక్కువ, పక్క గడిలో నీళ్ల భాగం ఎక్కువ. మీరు చదునుగా వెళ్తుంటే పటంలో మీ గీత కొండ ఎక్కి నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. లేని ఎక్కుడు అలా పుట్టుకొస్తుంది. దానికి తోడు అడవి. దట్టమైన చోట ఆ రాడార్ తరంగం నేల దాకా పూర్తిగా చేరదు, చాలా వరకు చెట్ల పైభాగం నుంచే వెనక్కి వస్తుంది. చెట్లు కొట్టేసిన చోట నుంచి అడవిలోకి దారి వెళ్తే పటంలో ఒక్కసారిగా గట్టు లేచినట్టు కనిపిస్తుంది.

ఈ పిచ్చి ఎగుడుదిగుళ్లను తగ్గించడానికి యాప్‌లు గీతను నునుపు చేస్తాయి. ఆ నునుపులో నిజమైన చిన్న దిబ్బలు కూడా కొట్టుకుపోతాయి. మీ లెక్కే చూడండి. ఒడ్డు తీసేస్తే మిగతా 62 కి.మీ.కి యాప్ చెప్పింది 550, మీరు ఎక్కింది 950. మిమ్మల్ని పడగొట్టింది ఆ 400.

తూనీగ
దూరపు కొండలు నునుపు అంటే ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను. యాప్ పనిచేసే పద్ధతి అని ఇప్పుడే తెలిసింది :)

ఎదురుగాలి
పటాలపిచ్చి గారు చెప్పింది నిజమే గానీ, మీటరును మాత్రం అంత నమ్మవచ్చా? మంచి మీటర్లు గాలి ఒత్తిడి చూసి ఎత్తు లెక్కగడతాయి. సముద్రమట్టానికి దగ్గరగా 1 హెక్టోపాస్కల్ తేడా అంటే దాదాపు 8 మీటర్లు. వానమబ్బు పట్టి ఒత్తిడి 5 హెక్టోపాస్కళ్లు పడిపోతే, మీరు కదలకుండా కూర్చున్నా 40 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. పరికరం అడుగున ఉండే సన్నటి రంధ్రంలో నీటి చుక్క చేరితే ఇక అంకెలకు అర్థమే ఉండదు.

పటాలపిచ్చి
@ఎదురుగాలి ఒప్పుకుంటాను. అయితే 40 మీటర్ల తేడా వేరు, 400 తేడా వేరు. ఆ రోజు వాన పడిందా అన్నది నీలిగట్టు గారే చెప్పాలి.

నీలిగట్టు
చుక్క వాన లేదు. ఎండ.

చైన్‌చప్పుడు
పటాల సంగతి అలా ఉంచండి. 36 మీద 28 పెట్టుకుని అడవి గట్లు ఎక్కడమేమిటండీ?

లెక్క చెబుతాను. వాలు 12 శాతం, మొత్తం బరువు 80 కిలోలు, వేగం గంటకు 8 కి.మీ. అంటే 220 వాట్లు కావాలి. ఇది తగ్గదు, భూమ్యాకర్షణతో బేరం కుదరదు. మీ చేతిలో ఉన్నది ఆ 220 వాట్లను ఎలా పుట్టించాలన్నదే. 36/28లో పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ 2.7 మీటర్లు కదులుతుంది. గంటకు 8 కి.మీ. దగ్గర మీ కాళ్లు నిమిషానికి 49 చుట్లు మాత్రమే తిరుగుతాయి. ఒక్కో తొక్కుకూ మోకాలి మీద నిలబడి తోసినంత భారం. అదే వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే వేగానికి 60 చుట్లు. పని అంతే, భారం దాదాపు ఐదో వంతు తక్కువ. నలభై దిబ్బల తర్వాత ఆ ఐదో వంతే మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.

క్యాసెట్, అంటే వెనక పళ్లచక్రాల కట్ట, ఒక్కటే మార్చి ఊరుకోకండి. చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డిరైలర్ 34ను మోయగలదో లేదో చూసుకోండి, చైన్ పొడవు కూడా. ముందు పెద్ద చక్రానికి వెనక పెద్ద చక్రం వేసినప్పుడు చైన్ బిగుసుకుపోతే డిరైలర్ విరుగుతుంది.

కొండమలుపు
గేరు అవసరమే. కానీ ఐదో వంతు కాళ్లలోనూ సంపాదించుకోవచ్చు. వారానికి రెండు సార్లు మూడేసి నిమిషాల ఎక్కుడు, ఎనిమిది సార్లు. రెండు నెలల్లో తేడా తెలుస్తుంది.

చైన్‌చప్పుడు
కాళ్లు ఎదిగే దాకా మోకాళ్లు ఆగాలి కదా? నా దగ్గరికి వచ్చే సైకిళ్లలో సగం వాటికి ఉన్న గేర్లు పందెం వీరులవి, తొక్కేవారు మామూలు మనుషులు. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ అనే కనుమ దారి ఉంది, వాలు 33 శాతం వరకు వెళ్తుంది. మూడు అడుగులు ముందుకు, ఒక అడుగు పైకి. అలాంటి చోట తేలిక గేరు లేనివాడు ఎంత సాధన చేసినా చివరికి చెప్పులరిగేలా నడవాల్సిందే.

నిదానమే
నేను వేగం మనిషిని కాదు. సామాను కట్టుకుని రోజుల తరబడి తిరిగే రకం. దారి ఎటు నుంచి ఎటు వెళ్లారన్నది ఎవరూ అడగలేదు, అదే నాకు ముఖ్యం.

ఎడమ పక్కన నడిచే వాహనాలున్న చోట సరస్సును అపసవ్యంగా చుట్టండి. అంటే నీళ్లు ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపు. నీళ్లకూ మీకూ మధ్య ఇంకో వరుస వాహనాలు ఉండవు. పక్కదారులన్నీ కొండ వైపు నుంచే వచ్చి కలుస్తాయి కాబట్టి మీ వైపు కూడళ్లు తక్కువ. జపాన్‌లో బివా సరస్సు చుట్టూ దాదాపు 200 కి.మీ. సైకిల్ దారి ఉంది, 2019లో దాన్ని జాతీయ సైకిల్ మార్గంగా గుర్తించారు. అక్కడ కూడా అపసవ్యంగానే వెళ్లమంటారు, కారణం ఇదే. కుడి పక్కన నడిచే దేశాల్లో దీనికి తలకిందులు.

ఎదురుగాలి
ఒడ్డు దారిలో గాలిని లెక్కపెట్టకుండా దిశ ఎంచుకుంటే కష్టం. పొడవాటి సరస్సు, రెండు వైపులా కొండలు అంటే అది గాలికి గొట్టం లాంటిది. పక్కగాలి ఉండదు. ఉంటే ముఖం మీద, లేకపోతే వీపు మీద. పైగా వేళను బట్టి తిరుగుతుంది. ఇటలీలో గార్డా సరస్సు మీద తెల్లవారుజాము నుంచి ఉత్తరం గాలి, దానికి పెలెర్ అని పేరు. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి ఓరా. తెరచాప పడవల వాళ్లు వాటిని చూసే గడియారం దిద్దుకోవచ్చు. పొద్దున్న దక్షిణానికి వెళ్లి మధ్యాహ్నం ఉత్తరానికి తిరిగొస్తే రెండు సార్లూ వీపు మీద గాలి. తిరగేస్తే రోజంతా ముఖం మీదే. మీ సరస్సుల దగ్గర పడవలు నడిపేవాళ్లనో చేపలు పట్టేవాళ్లనో అడగండి. వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

వానచినుకు
అందరూ ఎక్కుడు గురించే మాట్లాడుతున్నారు. నేను పడింది దిగుడులో.

అప్పుడు ఎండ కాస్తోంది. అడవిలో దిగుతున్న దారి. చెట్ల సందుల నుంచి వెలుగు, నీడ, వెలుగు, నీడ. సెకనుకు రెండు మూడు సార్లు. నల్లద్దాలు పెట్టుకున్నాను. ఎండ నుంచి నీడలోకి దూరగానే కళ్లు చీకటికి అలవాటు పడకముందే ఆ నీడ అయిపోతోంది. అలాంటి ఒక నీడ మధ్యలో, దారి వంపు తిరిగే చోట, రాత్రి కురిసిన వాన ఆరకుండా మిగిలిపోయింది. దాని మీద సూదాకులు పరుచుకుని ఉన్నాయి. రాగి రంగు, తడి, పలచటి చాప పరిచినట్టు. ముందు చక్రం వాటి మీదికి వెళ్లిన క్షణం హ్యాండిల్ తేలికైపోయింది. అంతే గుర్తుంది. భుజం ఎముక అతకడానికి ఏడు వారాలు పట్టింది.

ఇప్పుడు అడవి దిగుడులో లేత రంగు అద్దాలే పెట్టుకుంటాను. వంపులో బ్రేకు వేయను, వంపుకు ముందే వేసి వదిలేస్తాను. దారి మధ్యలో కాకుండా వాహనాల చక్రాలు తొక్కి తొక్కి శుభ్రం చేసిన జాడలోనే వెళ్తాను. అంచున పచ్చగా ఏదైనా కనిపిస్తే అది నాచు అనుకునే వెళ్తాను.

నీలిగట్టు
@వానచినుకు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నారా?

వానచినుకు
కోలుకున్నాను. అదే దారిలో మళ్లీ దిగాను కూడా, నడిచినంత నెమ్మదిగా.

రెండోగేరు
దిగుడు గురించి ఇంకో మాట. 80 కిలోలు 300 మీటర్లు దిగితే 235 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. దాదాపు 700 మిల్లీలీటర్ల మామూలు నీటిని మరిగే స్థాయికి తేగల వేడి అది. వేగంగా దిగితే అందులో పెద్ద వాటా గాలి తీసుకుంటుంది. భయపడి పై నుంచి కింది దాకా బ్రేకును సన్నగా పట్టుకునే ఉంటే దాదాపు అంతా బ్రేకులకే. రిమ్ము బ్రేకులైతే ట్యూబు పేలే ప్రమాదం ఉంది, డిస్కులైతే పట్టు సడలుతుంది. గట్టిగా పట్టి, వదిలి, చల్లారనిచ్చి, మళ్లీ పట్టండి. సత్తువ లేకపోతే మధ్యలో ఆగండి, ఎవరూ ఏమీ అనరు.

నిదానమే
నీళ్ల గురించి ఒకటి మరిచాను. సరస్సు పక్కనే కదా అని సీసా ముంచుకుని తాగకండి. ఎండాకాలంలో నిలకడ నీళ్ల మీద నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కడితే అందులోని విషాలు మరిగించినా పోవు.

కొండమలుపు
@నీలిగట్టు మీరు పోల్చి చూసుకున్న పెద్ద కొండ సగటు వాలు ఎంత? సగటు అన్నది కూడా మోసమే. ఇటలీలోనే కోమో సరస్సు మీద గిసాల్లో ఎక్కుడు చూడండి. బెల్లాజియో నుంచి 8.6 కి.మీ., సగటు 6 శాతం పైచిలుకు. కాగితం మీద సాఫీగా ఉంటుంది. నిజానికి మొదటి భాగంలోనే 14 శాతం దాకా లేస్తుంది, మధ్యలో దాదాపు చదును, కొంత దిగుడు. ఆ చదునే సగటును కిందికి లాగుతుంది. పైన 754 మీటర్ల ఎత్తులో చిన్న ప్రార్థనా మందిరం ఉంది. అక్కడి మేరీమాతను 1949లో పోప్ పన్నెండవ పయస్ సైకిలిస్టుల రక్షకురాలిగా ప్రకటించారు. లోపల ఇటలీ సైకిల్ పందెం వీరులు కోపీ, బార్తాలి వాడిన సైకిళ్లు ఉన్నాయి. ఆ ఎక్కుడు ఎక్కినవారికి దేవుడు గుర్తుకు రావడంలో వింత లేదు.

పటాలపిచ్చి
సరే, దారి సంగతికి వద్దాం. ఇలాంటి సరస్సులు చాలా చోట్ల హిమానీనదాలు తొలిచిన లోయల్లో ఏర్పడ్డాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ 11, చేతివేళ్లలా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. లోయ పొడవునా వెళ్తే సులువు, ఒక లోయ నుంచి ఇంకో లోయకు దాటడమే కష్టం. అంటే మీ శ్రమ కిలోమీటర్లలో లేదు, ఎన్ని గట్లు దాటుతారు, ఎప్పుడు దాటుతారు అన్నదానిలో ఉంది. మీరు రెండో గట్టును 80 కి.మీ. తర్వాత పెట్టుకున్నారు.

బయలుదేరే చోటును మధ్య సరస్సుకు మార్చండి. దారిని 8 అంకెలా గీయండి. ముందు కష్టమైన గట్టు, ఆ సరస్సు ఒడ్డు, మళ్లీ బయలుదేరిన చోటు. అక్కడ ఒళ్లు బాగుంటే రెండో చుట్టు, లేకపోతే ఇల్లు. అడవిలో ఫోను సిగ్నల్ అందని చోట ఎవరినో పిలిపించుకోవాల్సిన అవసరం రాదు.

ఎదురుగాలి
8 అంకె బాగుంది. అయితే సరస్సును పూర్తిగా చుట్టినట్టు కాదు కదా?

పటాలపిచ్చి
సరస్సు ఎక్కడికీ పోదు :)

నీలిగట్టు
క్యాసెట్ 34కు మార్చాను, డిరైలర్ కూడా మార్చాల్సి వచ్చింది. 8 అంకె గీశాను. మొదటి చుట్టు 58 కి.మీ., రెండోది 51. నేను నడిచిన గట్టే ఇప్పుడు మొదట వస్తుంది. వచ్చే ఆదివారం పొద్దున్నే బయలుదేరతాను.

తూనీగ
అరగంటకోసారి మోగేలా గడియారం పెట్టుకోండి. మోగినప్పుడల్లా ఏదో ఒకటి తినాలి, ఆకలి ఉన్నా లేకపోయినా. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లెక్క.

నిదానమే
పొద్దున్నే అంటే పలచటి జాకెట్ మరిచిపోవద్దు. చల్లగాలి రాత్రంతా లోయలోకి జారి సరస్సు మీద పేరుకుంటుంది. పైన ఎండ కాస్తున్నా కింద మంచు ఉంటుంది.

నీలిగట్టు
వెళ్లి వచ్చాను.

నిదానమే గారు చెప్పినట్టే ఒడ్డున ఏమీ కనిపించనంత మంచు. హ్యాండిల్ మీద నీటి బిందువులు. గట్టు సగం ఎక్కేసరికి మంచు పైకి వచ్చేశాను, వెనక్కి తిరిగి చూస్తే లోయ నిండా పాలు పోసినట్టు తెల్లగా ఉంది, సరస్సు ఎక్కడుందో తెలియలేదు. ఆ రోజు నేను సైకిల్ దిగిన చోట రోడ్డు పక్కన విరిగిన కొమ్మ ఒకటి ఇంకా అలాగే ఉంది. అక్కడికి వచ్చినప్పుడు వెనక ఇంకో గేరు మిగిలే ఉంది. దిగలేదు.

58 దగ్గర ఆగాను. కాళ్లు బాగానే ఉన్నాయి గానీ గాలి అప్పటికే తిరిగింది, రెండో చుట్టు ఒడ్డు మొత్తం ఎదురుగాలి. పడవ దగ్గర వల సర్దుకుంటున్న ఒక పెద్దాయనను అడిగితే, ఈ నెలల్లో పదకొండు దాటితే రోజూ ఇంతే అన్నారు. ఇంటికి వచ్చేశాను. మొదటి చుట్టుకు యాప్ చెప్పింది 480, మీటరులో 690.

ఎదురుగాలి
రెండో చుట్టును ముందు వేసుకుని, పదకొండు లోపు ఒడ్డు దాటేసేలా చూడండి. గట్టు తర్వాత.

పటాలపిచ్చి
అప్పుడు కష్టమైన గట్టు మళ్లీ చివరికి వెళ్తుంది.

కొండమలుపు
51 తర్వాత కదా, 80 తర్వాత కాదు. 34 పళ్లున్నాయి. ఎక్కుతారు.

నీలిగట్టు
ఇంకో గంట ముందు లేచి రెండూ కుదురుతాయేమో చూస్తాను. దీపాలు చార్జింగ్‌లో పెట్టాను.